పదో మంచం చలిజ్వరం

అచ్యుతరామయ్య ఆస్పత్రిలో అన్నీ ఉన్నాయి, రోగులు తప్ప.

ఇనప మంచాలున్నాయి. మంచాలకి నంబర్లున్నాయి. నోటి మీద వేలు పెట్టుకున్న పాపాయి ఫోటో గోడకి ఉంది, కింద 'నిశ్శబ్దం' అని రాసి ఉంది. ఆ హాల్లో నిశ్శబ్దానికి పాపాయితో పనిలేదు. బల్లి కదిలితే వినబడేది.

గోపాలపట్నంలో హైరోడ్డు పక్కన ఉండేదా మేడ. అసలది సిమెంటు గోడౌను. ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందని ఊరంతా ఇళ్ళు లేపుతున్న రోజులవి. పర్మిటు లేకపోతే సిమెంటు బస్తా కంటికి కనబడేది కాదు. ఆ పర్మిట్లు అటువి ఇటు, ఇటువి అటు మార్చి అచ్యుతరామయ్య పెద్దమనిషయ్యాడు. తరవాత కంట్రోలు సడలించారు. సిమెంటు ఎవడైనా కొనుక్కోవచ్చు అనేసరికి ఆయనకి ఆ వ్యాపారం మీద విరక్తి పుట్టింది, ప్రజాసేవ గుర్తొచ్చింది. ఫ్యాక్టరీ వస్తే కూలీలొస్తారు. కూలీలకి దెబ్బలు తగుల్తాయి. దెబ్బలకి ఆస్పత్రులు, ఆస్పత్రులకి నర్సులు. మిగిలిన బస్తాలు ఓ పక్కకి నెట్టించి, రెండో పక్క మంచాలు వేయించి, నర్సింగు స్కూలు అని బోర్డు కట్టించాడు.

రోగులు ఎందుకు రాలేదంటే గోపాలపట్నం జనానికి బుర్ర ఉంది. అక్కడి డాక్టరు సాయంత్రం స్కూటరు మీద వచ్చి, టీ తాగి, పేపరు చదివి వెళ్ళిపోయేవాడు. జ్వరమొచ్చినవాళ్ళు బస్సెక్కి ఊళ్ళో పెద్దాసుపత్రికి పోయేవాళ్ళు.

అమ్మాయిలు మాత్రం వచ్చారు. ఫీజులు కట్టి, ట్రంకుపెట్టెలు మోసుకుంటూ వచ్చారు. రోగికి స్నానం చేయించడం తలగడ మీద నేర్చుకున్నారు. కట్టు కట్టడం కుర్చీ కాలికి నేర్చుకున్నారు. సూదిమందు వంకాయకి పొడిచారు. పొడిచిన వంకాయలు సాయంత్రం హాస్టల్లో కూర అయ్యేవి. ఇలా రెండేళ్ళు గడిచాయి.

వాళ్ళలో గురువమ్మ ఒకతె. ఫిషింగ్ హార్బర్ దగ్గర జాలరి వీధి పిల్ల. తల్లి తెల్లారకముందే హార్బరులో వేలం పాడి, చేపల తట్ట నెత్తికెత్తుకుని ఊరంతా తిరిగే మనిషి. ఆ వీధిలో పది పాసైన మొదటి ఆడపిల్ల గురువమ్మే. "మా పిల్ల నర్సమ్మ" అని ఆ తల్లి వేలంపాటలో కూడా అరిచేది. అలా అరిస్తే బేరగాళ్ళు ఓ మాట తగ్గుతారని ఆమెకో నమ్మకం.

రెండో ఏడు చివర్లో ఉరుములేని పిడుగు పడింది. నర్సింగు కౌన్సిలు వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. వాళ్ళు గుర్తింపు ఇస్తేనే స్కూలు స్కూలు, చదువు చదువు. ఇవ్వకపోతే అమ్మాయిల చేతికి వచ్చేది కాయితం కాదు, వంకాయ. గుర్తింపు కావాలంటే మంచాల మీద మనుషులుండాలి, వాళ్ళకి ఈ అమ్మాయిలు సేవ చేస్తూ కనబడాలి. పైగా వచ్చేది భ్రమరాంబ. మిలటరీ ఆస్పత్రుల్లో పనిచేసి వచ్చిన మనిషి. కట్టు కనబడితే విప్పి లోపల పుండు ఉందో లేదో చూస్తుందని పేరు.

అచ్యుతరామయ్య భయపడ్డాడా? సిమెంటులో బూడిద కలిపి ఇంజనీర్ల చేత సంతకాలు పెట్టించినవాడు భయపడతాడా? అమ్మాయిల తెల్ల యూనిఫారాలు కుట్టే అయూబ్‌కి కబురు పెట్టాడు.

అయూబ్ పాత ఊళ్ళో దర్జీ. పొట్టకి మిషను, మిగతా అంతా నాటకం. పరిషత్తు పోటీలకి ట్రూపుని తోలుకుపోయి షీల్డులు పట్టుకొచ్చేవాడు. ఆ ట్రూపులో పోర్టు కళాసీలు, ఓ మంగలి, ఓ బస్సు క్లీనరు, మరబోటు మీద పనిచేసే దాలయ్య ఉండేవాళ్ళు. దాలయ్య గురువమ్మకి సొంత మేనమామ. స్టేజీ మీద చావడంలో అతన్ని మించినవాడు జిల్లాలో లేడని అతనే చెప్పేవాడు.

"పేషెంట్లు కావాలా? ఎన్ని మంచాలుంటే అంతమంది," అన్నాడు అయూబ్. "కానీ సేట్, రిహార్సల్సు లేకుండా నా వాళ్ళు స్టేజీ ఎక్కరు. ఓ నెల్లాళ్ళు హాలు మాకు వదిలెయ్యాలి. అమ్మాయిలూ రావాలి. ఆడపాత్రలు లేకుండా నాటకమేంటి?"

మొదటిరోజే కొట్టుకున్నారు. అందరికీ క్షయ కావాలి. క్షయలో దగ్గుంది, రక్తముంది, గుండె పట్టుకుని పడిపోవడముంది. మూలశంక ఎవడికీ వద్దు.

"నాను ఇరవైయేళ్ళబట్టి ఏసాలేస్తన్నాను. నాకు మొలలిత్తావేటి భాయ్?" దాలయ్య మంచం దిగిపోయాడు. "హార్బర్లో తలెత్తుకు తిరగనా ఏటి నాను?"

"నీకు క్షయ ఇస్తే ఇన్‌స్పెక్టరమ్మ ముందే చచ్చిపోతావ్. నీ సంగతి నాకు తెలీదా?"

"సత్తే తప్పేటి? మజా వత్తాది."

"ఆస్పత్రిలో పేషెంటు చస్తే గుర్తింపు ఇస్తారా, బేవకూఫ్?"

చివరికి క్షయ మంగలికి పోయింది. కాలు విరిగినవాడి పాత్ర క్లీనరుకి. మూలశంక ఓ కళాసీ నోరెత్తకుండా తీసుకున్నాడు. దాలయ్యకి పదో మంచం, చలిజ్వరం. వణుకు ఉంది కాబట్టి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక దాన్ని పెద్ద పాత్ర చేసుకున్నాడు. వణుకు భుజాల దగ్గర మొదలుపెట్టి, చేతుల్లోకి దింపి, పళ్ళతో తాళం వేసి, "ఓలమ్మో, నాను పోతన్నానే" అని ఓ డైలాగు కొట్టేవాడు. ఒక వణుక్కీ ఇంకో వణుక్కీ మధ్య కుడికన్ను కొంచెం తెరిచి ఎవరు చూస్తున్నారో చూసుకునేవాడు.

మొదటి రిహార్సల్లో గౌసియా రెండో మంచం దగ్గరికి వెళ్ళింది. గౌసియా గురువమ్మ స్నేహితురాలు, అయూబ్‌కి మేనకోడలు. గోడకేసి చూస్తూ, "మీకు ఆకలి ఉందా నిద్ర పడుతుందా విరేచనం అవుతుందా," అని ఒక్క ఊపిరిలో అప్పజెప్పింది.

"ఆపు బేటీ, ఆపు," అన్నాడు అయూబ్. "ఎవర్ని అడుగుతున్నావ్? గోడనా? గోడకి విరేచనం అవ్వదు."

"పుస్తకంలో ఇలాగే ఉంది మామూ."

"నాటకం కూడా పుస్తకంలోనే ఉంటుంది. చదివేస్తే అయిపోతే నేనెందుకు, ఈ వెధవలందరూ ఎందుకు? ఒకటి అడుగు. అడిగాక ఆగు. వాడు జవాబు చెప్పేదాకా వాడి మొహం చూస్తూ ఆగు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఎందుకు చెప్పట్లేదో వాడి మొహంలో ఉంటుంది."

మంచాల మీదున్న నటులు ఇంకా దారుణం. తలగడ నోరెత్తదు, వీళ్ళు ఎత్తుతారు. "ఏటమ్మా, దుప్పటి పీకీసి అలా వదిలీసినావు, నాను మగోడిని కానేటి, సిగ్గుండదేటి?" అని మొలల కళాసీ కసిరాడు. "నా చెయ్యి పట్టుకుని నువ్వు గడియారం చూసుకుంటన్నావు, నాకు భయమేస్తంది, ఎంతుందో చెప్పొచ్చు గదా," అని మంగలి అలిగాడు. తప్పు చేస్తే మళ్ళీ మొదట్నుంచి. తలుపు దగ్గర్నుంచి నడిచి రావడం దగ్గర్నుంచి. వారం తిరిగేసరికి గౌసియా అడిగి ఆగడం నేర్చుకుంది. గురువమ్మ ఇంకో మెట్టెక్కింది. ఏ నటుడు ఎక్కడ ఊపిరి బిగపడతాడో, ఏ మూలుగు కడుపులోంచి వస్తోందో, ఏది గొంతులోంచి వస్తోందో కళ్ళు మూసుకుని చెప్పేది.

ఇక్కడ ఒక మాట. డాక్టర్లనీ నర్సుల్నీ తయారుచేసే పెద్ద పెద్ద చోట్ల ఎముకలకి పేర్లు నేర్పుతారు, నరాలకి పేర్లు నేర్పుతారు. ఎదుటి మనిషి మాట ముగిసేదాకా నోరు మూసుకోవడం మాత్రం ఎవడూ నేర్పడు. అది నాటకాలవాళ్ళ పని, పాటగాళ్ళ పని, పనీపాటా లేనివాళ్ళ పని అంటారు. దొరలు ఏమైనా అంటారు. ఒక దొంగ స్కూల్లో, దొంగ రోగుల దగ్గర, ఓ దర్జీ నోటి తిట్లు తింటూ ఆ పిల్లలు నేర్చుకున్నది నిజం నర్సింగు. అచ్యుతరామయ్యకి ఆ సంగతి తెలీదు. తెలిస్తే దానికీ ఫీజు పెట్టేవాడు.

అయూబ్‌ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. రోగాల గురించి అతనికి తెలిసింది సున్నా. క్షయరోగి దగ్గుతో పాటు తల విదిలించాలనేవాడు. వెనక వరసవాళ్ళకి కనబడాలట.

తనిఖీ రోజు పొద్దున్నే అచ్యుతరామయ్య హడావిడిగా వచ్చాడు. రిహార్సల్సులో సెలైను సూది చేతిమీద పెట్టి పైన ప్లాస్టరు అంటించేవాళ్ళు, లోపలికి గుచ్చేవాళ్ళు కాదు. "ఆవిడ ప్లాస్టరు పీకి చూస్తుందట. నిజంగా ఎక్కించెయ్యండి," అన్నాడు. "ఏవుంది అందులో, ఉప్పునీళ్ళు. ఒంటికి మంచిదే." మూతపడ్డ ఏదో నర్సింగుహోమ్ నుంచి కొన్న గాజుసీసాలు సిమెంటు బస్తాల వెనక నుంచి దుమ్ము దులిపి తెచ్చారు.

సెలైను వంతు పదో మంచానికే. అక్కడికి గురువమ్మ వెళ్ళింది. అంతవరకూ ఆమె సూది మనిషి తోలు చూడలేదు. అయినా మొదటి పోటుకే నరం దొరికింది.

"ఓసి నీ సెయ్యి సల్లగుండ! నొప్పే నేదు," అన్నాడు దాలయ్య. "సూడు గురువమ్మా, ఇయ్యాల నా వణుకు సూసి ఆ మేడం కుర్చీలోంచి లెగిసిపోవాల."

"మావా, డైలాగు తగ్గించు. నువ్వు సచ్చిపోకు."

"నాను నీకోసం బతుకుతానే. నీ సర్టిఫికేటు సూసేక సత్తాను."

భ్రమరాంబ జీపు దిగింది. పొట్టి మనిషి, ముతక చీర. పూలదండ తెచ్చినవాడి చేతిలోనే దండ ఉండిపోయింది, ఆవిడ హాల్లోకి వచ్చేసింది. అయూబ్ వార్డుబాయ్ ఖాకీ వేసుకుని తలుపు పరదా వెనక నిలబడ్డాడు. ఎవరైనా డైలాగు మర్చిపోతే అందించాలని.

మొదటి మంచం బాగా జరిగింది. రెండోదీ జరిగింది. గౌసియా అడిగి, ఆగి, విని, మళ్ళీ అడిగింది. భ్రమరాంబ కనుబొమలు కొంచెం లేచాయి. "ఈ అమ్మాయికి ఎవరు నేర్పారు?" అంది. అచ్యుతరామయ్య చేతులు నలుపుకుని, "అంతా మేమేనండి," అన్నాడు. మంగలి తల విదిలించి దగ్గాడు. కాలు విరిగినవాడు పళ్ళు బిగించాడు. ఆవిడ ఏ కట్టూ విప్పలేదు. అమ్మాయిల్నే చూస్తోంది. అచ్యుతరామయ్య మొహంలో గుర్తింపు అప్పుడే వచ్చేసినంత వెలుగు.

పదో మంచం దగ్గరికొచ్చేసరికి దాలయ్య వణుకుతున్నాడు. మామూలు వణుకు కాదు. ఇనప మంచం గచ్చు మీద టకటకలాడుతోంది.

"చలిజ్వరం మేడం," అన్నాడు అచ్యుతరామయ్య గర్వంగా. "సముద్రం మనుషులు. దోమలు తెగ కుట్టేస్తాయి."

పరదా వెనక నుంచి అయూబ్ ఆగలేకపోయాడు. "శెభాష్," అన్నాడు, మెల్లిగానే. పక్క మంచాలవాళ్ళు అసూయతో చూశారు. ఈ దాలయ్య వెధవ రిహార్సల్సులో దాచుకుని ఇవాళ తీశాడని మంగలి మొహం మాడ్చుకున్నాడు.

గురువమ్మ చూసింది. ఈ వణుకు భుజాల దగ్గర మొదలవలేదు. దీనికి తాళం లేదు. పళ్ళు ఒకదాన్నొకటి కొరుకుతున్నాయి, పెదవులు నల్లబడ్డాయి. డైలాగు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, కుడికన్ను తెరిచి జనాన్ని చూసుకోవడం లేదు. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి, ఎవర్నీ చూడటం లేదు.

వంగి చెవిలో, "మావా, బాగుంది, ఇంక ఆపు," అంది.

"ఆగట్నేదే," అన్నాడు దాలయ్య. ఏ స్టేజీ మీదా ఆమె వినని గొంతు అది, చిన్న గొంతు. "గురువమ్మా, ఆగట్నేదే."

ఆమె చెయ్యి సెలైను గొట్టం మీదికి పోయింది. క్లిప్పు బిగించేసింది. చుక్కలు ఆగిపోయాయి.

"ఎవరు ఆపమన్నారు?" అంది భ్రమరాంబ.

గురువమ్మ క్లిప్పు మీంచి చెయ్యి తియ్యలేదు.

"చలిజ్వరం మనిషి వణక్కపోతే పాటలు పాడతాడా? ఆ వణుక్కీ సెలైనుకీ ఏమిటి సంబంధం? చెప్పు."

గది అంతా గురువమ్మని చూసింది. అచ్యుతరామయ్య కళ్ళతో బతిమాలాడు, కళ్ళతోనే బెదిరించాడు. గౌసియా తల అడ్డంగా ఊపుతోంది, వద్దు, వద్దు అని. 'పొరపాటండి' అంటే చాలు. తల వంచుకుంటే గుర్తింపు వస్తుంది, కాయితం వస్తుంది, తల్లి హార్బరంతా అరుస్తుంది. కాని 'పొరపాటండి' అంటే ఆవిడ ఆ క్లిప్పు వదలమంటుంది. చలిజ్వరానికి మాత్ర ఇమ్మంటుంది. సీసాలో ఇంకా సగం ఉంది.

"ఈయనకి చలిజ్వరం నేదండి," అంది గురువమ్మ.

"మరేముంది?"

"ఏటీ నేదండి. పొద్దున్న ఇడ్లీ తిన్నాడు, పాట కూడా పాడినాడు. ఈయన మా మావండి. నాటకాలేస్తాడు. సెలైను నానే పెట్టేనండి, అది ఎక్కేకే వణుకొచ్చింది. ఇది మాత్రం ఏసం కాదండి."

భ్రమరాంబ అచ్యుతరామయ్య వైపు తలైనా తిప్పలేదు. దాలయ్య నుదురు మీద చెయ్యి వేసింది. సీసా ఊడదీసి కిటికీ వెలుగుకి పట్టింది. లోపల దూదిపీచు లాంటిదేదో తేలుతోంది. "సూది తీసెయ్. దుప్పట్లు తెండి. అవిల్ సూదిమందు తే," అంది గౌసియాతో.

గౌసియా మందుల బీరువా తెరిచి అలాగే నిలబడిపోయింది. "మేడం, ఇందులో అన్నీ పసుపునీళ్ళండి."

పరదా చింపుకున్నంత పని చేసి అయూబ్ బయటికొచ్చాడు. ఖాకీ చొక్కా గుండీలు లేకుండానే రోడ్డు దాటి మందుల షాపుకి పరిగెత్తాడు. దుప్పట్ల సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. క్షయరోగి మంచం దూకాడు. కడుపుపుండు వేషం వేసినవాడు లేచాడు. కాలు విరిగినవాడు అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చి దాలయ్య మీద తన దుప్పటి కప్పాడు, కట్టుకట్టిన కాలుతోనే మంచం చుట్టూ తిరిగి కాళ్ళ కింద దాని అంచు దోపాడు. ఒక్క నిమిషంలో వార్డు వార్డంతా బాగైపోయింది. అలాంటి వైద్యం ఏ ఆస్పత్రిలోనూ జరిగి ఉండదు.

అయూబ్ తెచ్చిన సూదిమందు భ్రమరాంబ స్వయంగా ఇచ్చింది. పక్కనే కూర్చుంది. వణుకు మెల్లిగా దిగింది. దిగాక ఆవిడ లేచి, మనుషుల్ని ఒక్కొక్కణ్ణే చూసింది.

"ఇక్కడ నిజంగా జబ్బున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

మూలశంక కళాసీ చెయ్యెత్తాడు. "నాకున్నాయండి. నిజంగానే. అందుకే ఈ ఏసం అడక్కుండా తీసుకున్నానండి. నన్ను లెక్కలో ఏసుకోండి."

ఆవిడ లెక్కలో వేసుకోలేదు. దాలయ్యని తన జీపులోనే పెద్దాసుపత్రికి పంపించి, తను బస్సెక్కి వెళ్ళిపోయింది. స్కూలుకి గుర్తింపు రాలేదు.

దాలయ్య రెండోరోజుకి లేచి కూర్చున్నాడు. "నా జన్మలో అలాంటి వణుకు వణకనేదు భాయ్. షీల్డు ఎవుడిత్తాడు?" అని అయూబ్‌ని వేధించాడు. అయూబ్ అతని దుప్పటి మెడదాకా లాగి కప్పాడు. 'శెభాష్' అన్న నోరది, చాలా రోజులు సరిగ్గా తిండి దిగలేదు.

నిజం చెప్పిన పిల్లకి దండలు పడ్డాయనుకుంటే మీకు మన ఊరు తెలీదు. అమ్మాయిలంతా గురువమ్మతో మాట మానేశారు. హాస్టలు ఖాళీ చేసే రోజున గౌసియా ట్రంకుపెట్టె నేలకేసి కొట్టింది.

"క్లిప్పు బిగించావు, సరే. వేరే ఏదో చెప్పలేకపోయావా? 'సీసా బాలేదు' అనలేకపోయావా?"

"సీసా సూడనేదే నాను. ఆయన్ని సూసేను. ఆవిడ ఎలా తెలిసిందని అడిగితే ఏటి సెప్పను?"

"మా అబ్బాకి నేనేం చెప్పను? అది చెప్పు."

తల్లి ఇంకా సూటిగా అడిగింది, చేపల కత్తి చేతిలోనే ఉంచుకుని. "నోరు మూసుకోనేకపోనావా?"

"మావ సచ్చిపోతే?"

"నా తమ్ముడు సచ్చిపోడం నాను సూడనేదేటి? ఏటా పరిషత్తులో సత్తాడు." అని, కత్తి పక్కన పడేసి, మొహం కొంగులో దాచుకుంది. ఏడ్చిందో నవ్విందో గురువమ్మకి తెలియలేదు. కొంగు దించి, "ఇప్పుడేటి సేత్తావు?" అంది.

ఏం చేస్తారు? అచ్యుతరామయ్య ఫీజులు తిరిగివ్వనన్నాడు. బోర్డు పీకి సినిమాహాలు కడతానన్నాడు. కౌన్సిలు వాళ్ళు ఆ రెండేళ్ళూ చెల్లవన్నారు. పిల్లలు తప్పు చేశారా? దొంగ గోడౌనుకి స్కూలు బోర్డు పెట్టుకోనిచ్చిన దొరలు తప్పు చేశారా? ఆ ప్రశ్న ఆఫీసులో అడిగితే గుమాస్తా టీకి వెళ్ళిపోతాడు. రోడ్డు మీద అడగాలి.

అడిగారు. మాట మానేసిన అమ్మాయిలే మళ్ళీ మాట కలిపారు, కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలిశాక. కలెక్టరాఫీసు గేటు ముందు మంచం వేశారు. దాలయ్య పడుకున్నాడు. అయూబ్ పంచె కట్టి అచ్యుతరామయ్య అయ్యాడు. ఒక చేత్తో సిమెంటు బస్తా, ఒక చేత్తో సెలైను సీసా పట్టుకుని, "ఏది ఎక్కించినా గట్టిపడతాడు" అన్నప్పుడు గేటు కాపలా పోలీసులు కూడా నవ్వారు. గౌసియా వంకాయలు పంచిపెట్టింది. గుంపు రోడ్డు మూసేసింది, బస్సులాగిపోయాయి. ఆగిన బస్సు హారన్లు దొరలకి బాగా వినబడతాయి. రోజూ వేశారు. మూడోవారం లోపలికి పిలిచారు.

రెండేళ్ళూ లెక్కలో వేసుకోవాలని అమ్మాయిలు అడిగారు. ఒక ఏడు వేసుకుంటామని దొరలన్నారు, అదీ పరీక్ష పెట్టి. పెద్దాసుపత్రి వార్డులో, నిజం రోగుల దగ్గర. పాసైతే అక్కడి స్కూల్లో రెండో ఏడులో చేరొచ్చు. ఫెయిలైతే ఇంటికి. పరీక్ష పెట్టేది భ్రమరాంబ.

గురువమ్మ వంతు మధ్యాహ్నం వచ్చింది. ఆడవాళ్ళ వార్డు. మంచాల మీదా జనమే, మంచాల కిందా జనమే. ఆమెకి చూపించిన రోగి రసూల్ బీ, పాత ఊళ్ళో గాజులమ్మే ముసలావిడ. కడుపు ఆపరేషనై ఐదోరోజు. ముందొచ్చిన అమ్మాయిలు 'నొప్పుందా' అని అడిగారు, 'లేదమ్మా' అంది. డాక్టరు అడిగినా అదే మాట. అందరికీ నవ్వు మొహమే చూపించింది. రేపు ఇంటికి పంపిస్తారు.

"బాగున్నాను బేటీ," అంది రసూల్ బీ గురువమ్మతో కూడా, అడక్కుండానే. "బంగారంలాగున్నాను."

గురువమ్మ ఆవిడ మొహం వైపు చూసింది. గోపాలపట్నంలో అందరూ లేని రోగం ఉందని వేషం వేశారు. ఇక్కడ ఈవిడ ఉన్నది లేదని వేస్తోంది. ఈవిడ ముందు దాలయ్య మావ ఎందుకూ పనికిరాడు. నవ్వు చక్కగా ఉంది. కాని దుప్పటి కింద కాలివేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. ప్రతి నాలుగు మాటలకీ ఊపిరి సగంలో తెగుతోంది, తెగినచోట నవ్వు అతికిస్తోంది.

నొప్పుందా అని ఈమె అడగలేదు. మంచం పక్కన కూర్చుంది. "ఇంటి దగ్గర ఎవరున్నారమ్మా?"

"ఎవరున్నారు? దుకాణం ఉంది. మా కోడలు తెరుస్తోంది. ఇంకో వారం అదే తెరిస్తే దుకాణం దానిదైపోతుంది."

"అందుకని రేపు ఎల్లిపోవాలి."

"అందుకని కాదు. బాగున్నాను కాబట్టి."

"అలాగే. ఎల్లే ముందు జుట్టు ఇలా వదిలేస్తే బాగోదు. లేచి కూర్చుంటారా, జడేస్తాను?"

రసూల్ బీ నవ్వుతూనే మోచేయి ఆనించింది. లేవబోయింది. సగంలో ఆగింది. గురువమ్మ వీపు కింద చెయ్యి వేసి, రెండో చెయ్యి కట్టు పక్కగా, మెత్తగా ఆనించింది. చీర మీంచే వేడి తగిలింది.

"అమ్మ దొంగముండా! అక్కడెందుకు ముట్టుకున్నావే! చచ్చాను, తల్లీ, చచ్చాను!" ముసలావిడ తిట్లు అందుకుంది. గురువమ్మని తిట్టింది, డాక్టర్ని తిట్టింది, కోడల్ని తిట్టింది, కోడలు పుట్టిన వీధిని తిట్టింది. వార్డంతా తిరిగి చూసింది.

మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ భ్రమరాంబ డాక్టరు కోసం మనిషిని పంపింది. "మిగతా ప్రశ్నలు నేనడగను," అంది గురువమ్మతో. "డాక్టరు వచ్చేదాకా ఈవిడ దగ్గరే ఉండు. రేపు ట్రంకుపెట్టె తెచ్చుకో." పక్క మంచానికి వెళ్ళిపోయింది.

రసూల్ బీకి తిట్లు అయిపోయాయి. ఇప్పుడు మొహం మీద నవ్వు లేదు, చెమట ఉంది. గురువమ్మ తలగడ సర్ది మెల్లిగా వెనక్కి ఆనించింది.

"ఎప్పట్నుంచమ్మా?" అని అడిగి, ఆగింది.

"మొన్న రాత్రి నుంచి," అంది రసూల్ బీ.